రైలు దిగిన తరువాత

రైలు టిక్కెట్టు స్టేషను ద్వారముతో ముగియును గాని ప్రయాణము అచ్చట ముగియదు. ఇల్లు చేరువరకు, కార్యాలయము చేరువరకు, పాఠశాల గంట వినబడువరకు అది సాగుచునే యుండును. కొత్త రైలుమార్గమునకు ఎన్ని కోట్లు కేటాయించిరి, ఎన్ని స్టేషన్లు కట్టిరి అను లెక్కలు పత్రికలలో మొదటి పుటకెక్కును. ఆ స్టేషను మెట్లు దిగిన మనిషి తరువాతి ఒకటి రెండు కిలోమీటర్లను ఎట్లు దాటెనని తెలిసికొనగోరువారు నివేదికలు తిరుగవేయుటకంటె స్టేషను ముందున్న ఆటోల బారు దగ్గర ఒక గంటసేపు నిలబడుట మేలు.

పరిచయము లేని నలుగురు ఒకే బండిలో కూర్చుండి కిరాయిని పంచుకొనుటకు మనవారు ఇష్టపడుదురా అన్న సంశయము రవాణా చర్చలలో తరచు వినబడుచుండును. మనకు స్వంత బండిమీద మోజు మెండనియు, పక్కవానితో సర్దుకొనుట మన స్వభావములో లేదనియు కొందరు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు చెప్పువారు ఫలక్‌నుమా స్టేషనులో రైలు దిగి చాంద్రాయణగుట్ట వైపునకు ఒక్కమారైనను పోయి యుండరని నా అనుమానము.

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసనున్న చాంద్రాయణగుట్ట పేరునకు గుట్టయే గాని నేడు అది పెద్ద కూడలి. ఒక వంక కేశవగిరి మీద చెన్నకేశవస్వామి కోవెల. మరొక వంక, నిజాము కాలమున అరబ్బు సైనికులుండిన బారకాసుల పేరే జనుల నోట మారి నిలిచిన బార్కస్ పేట. ఉత్తరపు దారి ఫలక్‌నుమా, శాలిబండల మీదుగా చార్మినారునకు పోవును. దక్షిణపు దారి బార్కస్‌ను, పహాడీ షరీఫును దాటి శ్రీశైలము రహదారి యగును. పడమట ఆరాంఘర్ మీదుగా శంషాబాదు విమానాశ్రయమునకు, తూర్పున కంచన్‌బాగ్ రక్షణ పరిశోధనాలయముల పక్కగా సంతోష్‌నగరునకు, ఎల్.బి.నగరునకు దారులున్నవి. కూడలి నెత్తిన వంతెన కట్టిరి; 2022లో దానిని మరికొంత పొడిగించిరి. ఇన్ని దారులు కలియు ఈ చోటికి తన పేర ఒక రైలు స్టేషను మాత్రము లేదు. సుమారు రెండు కిలోమీటర్ల దూరములోనున్న ఫలక్‌నుమా, దానికి ఉత్తరమున ఉప్పుగూడ, ఇవియే ఇచ్చటివారికి దిక్కు.

2003 ఆగస్టులో జంటనగరములలో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలయినవి. చాలకాలము ఫలక్‌నుమాయే ఆ మార్గమునకు దక్షిణపు కొన. ఇటీవలి సంవత్సరములలో దానిని ఉందానగరు వరకు పొడిగించిరి. బేగంపేటలోను, హైటెక్ సిటీలోను, సికింద్రాబాదులోను పనిచేసి వచ్చు దుకాణపు పనివారు, గుమాస్తాలు, కళాశాల విద్యార్థులు సాయంకాలము ఫలక్‌నుమాలో దిగుదురు. నగరము ఒక అంచు నుండి మరొక అంచునకు కొద్ది రూపాయల టిక్కెట్టుతో వచ్చినవాడు, చివరి రెండు కిలోమీటర్లకు దానికి నాలుగైదు రెట్లు చెల్లించి ఒంటరిగా ఆటో మాటాడుకొనునా? అతడు అంత అమాయకుడు కాడు. స్టేషను బయట "గుట్టా, గుట్టా" అని ఒకడు, "బార్కస్, షాహీన్‌నగర్" అని ఇంకొకడు కేక వేయుచుండ, తన దారి పేరు వినబడిన బండిలో ఎక్కి కూర్చుండును. తోడి ప్రయాణికుడెవరని అడుగడు. కిరాయి ఎంతయని కూడ అడుగడు, ఏలనగా అది ముందే తెలిసినదే; సీటునకు పదియో ఇరువదియో. దిగవలసిన చోట "ఇక్కడ, భాయ్" అనును, చిల్లర చేతిలో పెట్టును, వెడలిపోవును. పంచుకొనుటకు ఇష్టమేనా యని అతని నెవరైన ప్రశ్నించినచో ఆ ప్రశ్నయే అతనికి వింతగా తోచును.

ఇది కొత్తగా పుట్టిన అలవాటు కాదు. మన ఊళ్లలో మెయిలు దిగినవారిని ఇంటికి చేర్చిన జట్కా బండ్లు తలకింతయని మనుష్యులను కూర్చి నడచినవి. ఒకరి పెట్టె మీద ఒకరి కాలు, ఒకరి ఒడిలో ఒకరి బిడ్డ. బేతమంచెర్ల వారెవరో బెజవాడ వారెవరో జట్కా దిగుసరికి ఒకరికొకరు చుట్టరికము తేల్చుకొనెడివారు. పాతబస్తీ ఆటోవాడు నేటికిని ప్రయాణికుని 'సవారీ' యనును. "ఇంకొక్క సవారీ, ఇంకొక్క సవారీ" యని అతడు ఎదురుచూచునపుడు ఆ మాటలో జట్కావాని గొంతు వినబడును. విజయవాడలోను, విశాఖపట్టణములోను షేర్ ఆటో లేనిదే నగరము కదలదు. కావున మనవారు కలిసి ఎక్కుదురా యనుట విషయము కాదు. ఎచ్చట ఎక్కుదురు, ఎచ్చట ఎక్కరు, ఎందువలన అనుట విచారింపదగిన విషయము.

ఫలక్‌నుమాలో మారుమాటలేక నలుగురితో కూర్చుండిన మనిషియే సికింద్రాబాదు స్టేషనులో దూరప్రాంతపు రైలు దిగినపుడు వేరొక మనిషి వలె ప్రవర్తించును. అచ్చట ఒంటరిగా ఆటో కొరకు బేరమాడును, కోపించును, మరొక బండి వెదకును, తుదకు అడిగినంతయు ఇచ్చి ఎక్కును. పక్కనే మరొకడు అదే దిక్కునకు పోవుటకు అదే బేరము చేయుచుండవచ్చును. వారిద్దరును మాటాడుకొనరు. స్వభావము ఒక గంటలో మారునా? మారినది ఏర్పాటు. సికింద్రాబాదులో దిగినవారి గమ్యములు నూరు దిక్కులకు చీలిపోవును. ఎవరెచ్చటికో చెప్పువారు లేరు. తలకింతయన్న ధర స్థిరముగా లేదు. చేతిలో రెండు పెట్టెలు, ఒక బియ్యపు మూట. ఆటోలో మనుష్యుల కంటె సామానునకు ఎక్కువ చోటు కావలెను. రాత్రి పదునొకండు గంటలయినచో పక్కవానిని నమ్ముట ఇంకను కష్టము. ఇవియన్నియు ఫలక్‌నుమాలో తారుమారై యున్నవి. గమ్యములు రెండు మూడు దారుల మీదనే వరుసగా ఉన్నవి. సామాను ఒక టిఫిను డబ్బా, ఒక సంచి. డ్రైవరు ముఖము ఎరిగినదే. అతని ఇల్లు బండ్లగూడలోనో హాఫిజ్ బాబానగరులోనో ఉన్నదని కూడ కొందరికి తెలియును. రైలు ఒక్కమారుగా పదులకొలది మనుష్యులను దింపును గనుక బండి నిండుటకు రెండు నిమిషములు చాలును.

ఈ చివరి మాట విద్యార్థులు శ్రద్ధగా గమనింపదగినది. కలిసి ప్రయాణము చేయుటలో ప్రయాణికుడు చెల్లించునది డబ్బు ఒక్కటియే కాదు, కాలము కూడ. బండి నిండువరకు వేచియుండుట అతడు చెల్లించు రెండవ కిరాయి. రైలు వచ్చిన వెంటనే ఈ రెండవ కిరాయి ఇంచుమించు శూన్యము. రైలు పోయి అరగంట గడచిన తరువాత అదే స్టాండులో అదే ఆటో ఎక్కినవానికి ఆ కిరాయి మొదటిదానిని మించును. కావున షేర్ ఆటో రైలునకు జతపడిన వ్యవస్థ. రైలు సరిగా, తరచుగా వచ్చినంతకాలమే అది చక్కగా నడచును. ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ఆలస్యమగుట, రద్దగుట ఈ మార్గముననున్న వారికి తెలియని సంగతి కాదు. అట్లు రైలు తప్పిన దినమున స్టేషను ముందున్న ఆటోలు ఒక్కొక్కటిగా చార్మినారు వైపు తిరుగును. ఆ పిమ్మట వచ్చిన రైలు దిగినవారు చీకటిలో నడచిపోవుదురు.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. షేర్ ఆటోలో ఒక స్త్రీ ఎక్కబోవునపుడు వెనుక సీటులోని పురుషుడు దిగి డ్రైవరు పక్కకు మారుట పాతబస్తీలో వాడుక. "జర జరుగు భాయ్, ఆపా కూర్చుంటది" అని డ్రైవరు అనును, ఎవరును ఎదురాడరు. ఏ శాసనమును విధింపని ఈ మర్యాదయే బురఖాలోని తల్లికి, కట్టుబొట్టు చెదరని పంతులమ్మకు ఒకే బండిలో చోటు కల్పించుచున్నది. మెచ్చుకొనదగినదే. కాని డ్రైవరు పక్కన మనిషిని కూర్చుండబెట్టుట నిబంధనలకు విరుద్ధము, ప్రమాదకరము కూడ. మర్యాదయు అపాయమును ఒకే సీటు మీద కూర్చున్నవన్నమాట. రాత్రివేళ ఆ మర్యాదకు కాపలా యెవ్వరు? 2014లో హైదరాబాదు పోలీసులు షీ టీములను ఏర్పరచిరి. దారిలోని ప్రతి ఆటో వెంట వారుండజాలరు. ఒంటరిగా ప్రయాణించు యువతి, వెనుక సీటున మరొక స్త్రీ ఉన్నదా యని చూచి గాని బండి ఎక్కదు; లేనిచో తరువాతి బండికై ఆగును. స్త్రీల సమ్మతి ఇతర స్త్రీల సంఖ్యపై ఆధారపడియున్నదని దీనివలన తేలుచున్నది.

ఇచ్చట ఇటీవలి రాజకీయ నిర్ణయమొకటి వచ్చి కలిసినది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణములో మహాలక్ష్మి పథకము క్రింద ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమయినది. ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేర ఇట్టి పథకమే వచ్చినది. ఈ పథకముల వలన బీదకుటుంబముల స్త్రీలకు కలిగిన లాభమును తక్కువ చేసి మాటాడువాడు వారి నెలసరి లెక్క ఎరుగనివాడు. అయితే ఆటో డ్రైవర్లు రెండు రాష్ట్రములలోను వీధికెక్కి మొరపెట్టుకొనిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025 అక్టోబరులో వారికి సంవత్సరమునకు 15,000 రూపాయల సహాయమును ఆరంభించినది. చర్చ అంతయు డ్రైవరు ఆదాయము చుట్టును తిరిగినది. దానికంటె సూక్ష్మమైన పర్యవసానమొకటి ఎవరి దృష్టికిని వచ్చినట్లు లేదు. బస్సు దొరకు దారిలో స్త్రీలు బస్సెక్కుట సహజము. అప్పుడు షేర్ ఆటోలో పురుషులే మిగులుదురు. పురుషులే మిగిలిన ఆటోలో, బస్సు వెళ్లని సందుకు పోవలసిన ఒక్క స్త్రీ ఎక్కుటకు జంకును. ఉచిత ప్రయాణము కొందరికి దారి తెరచుచు, బస్సు చేరని బస్తీలోని స్త్రీకి దారిని ఇరుకు చేయు ప్రమాదమున్నది. దీనికి విరుగుడు ఉచిత ప్రయాణమును ఆపుట కాదు. ఆ బస్సును రైలు వేళకు స్టేషను వాకిటికి తెచ్చుట.

రైలునకు బస్సును జతచేయుట హైదరాబాదునకు తెలియని విద్య యనుకొనరాదు. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో రైలు వచ్చినది. 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ స్టేషన్లు వెలసినవి. ఆ నిజాము రైల్వే వారే 1932 జూనులో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను తెరచిరి. రైలును రోడ్డును ఒకే యాజమాన్యము క్రింద నడుపుట ఆనాటి ఉద్దేశము. మన దేశములో ప్రభుత్వ బస్సు రవాణాకు అది తొలి మెట్టు. నేటి ఆర్టీసీలకు మూలము అదియే. రాజ్యము మారిన తరువాత రైల్వే 1950లో కేంద్రమునకు పోయినది. బస్సుల శాఖ 1951 నవంబరులో రైల్వే నుండి విడివడి రాష్ట్రమునకు దక్కినది. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో కలిసినది. సమాఖ్య రాజ్యాంగములో ఈ పంపకము అనివార్యమే కావచ్చును. కాని స్టేషను గడప దగ్గర నేడు కనబడు ఖాళీ ఆ పంపకమునాడు పడినదే. గడప లోపలి ప్రయాణికుడు కేంద్రమువాడు; బయట అడుగిడినంతనే రాష్ట్రమువాడు. ఆ ఖాళీలోనికి ఎవరును పిలువకుండ వచ్చి నిలిచినది షేర్ ఆటో.

అట్లు వచ్చి నిలిచినదానిని చట్టము ఏమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము కిరాయి బండ్లను రెండు తెగలుగా విభజించినది. బస్సు వలె ఆరుగురి కంటె ఎక్కువ మందిని, విడివిడి ఛార్జీలతో, దారిలో ఎక్కించుకొనుచు దించుచు పోవునది ఒక తెగ. టాక్సీ వలె బండి మొత్తమును ఒప్పందము చేసికొని, ఒక చోటి నుండి మరొక చోటికి పోవునది రెండవది. దారి మధ్యలో ఒప్పందమునకు వెలియైనవారిని ఎక్కించుకొనరాదు. అయితే ఆరుగురికి మించని చిన్న బండి, ప్రయాణికుల వద్ద విడివిడిగా ఛార్జీ పుచ్చుకొన్నను రెండవ తెగలోనే ఉండునని అదే నిర్వచనము చెప్పుచున్నది. న్యాయశాస్త్రము చదువనివారికి ఇది వెండ్రుకను చీల్చినట్లుండును గాని ఇందులో జీవనోపాధి ఇమిడియున్నది. రైలు దిగిన ముగ్గురు స్టేషను వద్దనే కలిసి ఎక్కి తలకింత ఇచ్చుట ఈ నిర్వచనమునకు విరుద్ధముగా కనబడదు. వారిలో ఒకడు ఇంజన్‌బౌలి దగ్గర దిగగా ఆ చోటున మరొకనిని ఎక్కించుకొనుట తప్పగును. నాలుగవవానిని ఎక్కించుట మరియొక తప్పు, ఏలనగా ఆటోకు అనుమతి ముగ్గురికే. పాతబస్తీ షేర్ ఆటో దినమునకు ఎన్నిమారులు ఈ రెండు తప్పులు చేయునో లెక్కింపనక్కరలేదు. అందరికి తెలిసిన తప్పు, అందరికి అవసరమైన తప్పు, ఎప్పుడు చలానా పడునో తెలియని తప్పు. నిత్యావసరమును నేరముగా నిలిపియుంచుట వలన లాభపడువారు ఎవరో ఊహించుట కష్టము కాదు. నష్టపడువాడు అద్దె ఆటో నడుపుకొను డ్రైవరు.

నాలుగవ సవారీ కొరకు అతడేల ఆశపడును? చిన్న లెక్క వేసి చూడుడు. హైదరాబాదులో 2014లో నిర్ణయించిన మీటరు ధర మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, పిమ్మట కిలోమీటరునకు 11 రూపాయలు. రెండు కిలోమీటర్లకు ఇంచుమించు 24 రూపాయలగును. ముగ్గురు తలకు పది రూపాయల వంతున ఇచ్చినచో 30. ప్రయాణికునికి సగము కంటె తక్కువ, డ్రైవరునకు మీటరు కంటె ఎక్కువ, ఇద్దరికిని లాభము. కాగితము మీద ఇంతకంటె చక్కని బేరము లేదు. కాని సాయంకాలము రైలు దించిన జనులందరును ఒకే దిక్కునకు పోవుదురు. తిరిగి స్టేషనునకు వచ్చునపుడు బండి ఖాళీ. ఆ 30 రూపాయలు రెండు కిలోమీటర్లకు కాదు, నాలుగింటికి. పైగా 2014 తరువాత ఇంధనము, బండి అద్దె, వాయిదా అన్నియు పెరిగినవి. ఈ ఖాళీ తిరుగు ప్రయాణపు ఖర్చును డ్రైవరు పక్కన ఒరిగి కూర్చున్న నాలుగవవాడు, ఐదవవాడు భరించుచున్నారు. కిక్కిరిసిన ఆటోను చూచి డ్రైవరు దురాశను తిట్టువారు ఈ తిరుగు ప్రయాణమును కూడ లెక్కలో చేర్చవలెను. కిక్కిరిసిన బండి బోల్తాపడినపుడు పోవునది ప్రాణమే. ఆ మాట మరచుట లేదు. ధరను స్థిరపరచకుండ, స్టాండు ఇయ్యకుండ, తిరుగు ప్రయాణమునకు దారి చూపకుండ చలానాలతో మాత్రమే ఆ ప్రాణమును కాపాడవచ్చునన్న నమ్మకము నాకు లేదు.

ఇతర స్థలములలో ఏమి చేసిరో కొంచెము చూతము. బొంబాయిలో చర్చిగేటు స్టేషను బయట నారిమన్ పాయింటునకు పోవు షేర్ టాక్సీల వరుస ఉదయము కార్యాలయములు తెరచువేళ చూడదగిన దృశ్యము. సూటు వేసిన అధికారియు, అతని గుమాస్తాయు ఒకే టాక్సీలో తలకింతయని చెల్లించి పోవుదురు. సంపన్నుడు పంచుకొనడన్న మాట అచ్చట నిలువదు. ఇంగ్లండులో 1985 నాటి రవాణా చట్టము టాక్సీలలో విడివిడి ఛార్జీలతో కలిసి ప్రయాణించుటకు ప్రత్యేకముగా వీలు కల్పించినది. హాలెండు రైల్వేవారు ఇంకను ముందుకు పోయిరి. 1990లో వారు 'రైలు టాక్సీ'ని ప్రవేశపెట్టిరి. రైలు టిక్కెట్టు కొనుచోటనే తక్కువ ధరకు దాని టిక్కెట్టు కూడ కొనవచ్చును. స్టేషను బయట డ్రైవరు మరికొందరి కొరకు కొద్ది నిమిషములు ఆగి, అందరిని వారి వారి వాకిళ్లలో దింపును. పరిచయము లేనివారితో మాటాడుటకు కూడ వెనుదీయుదురని మనమనుకొను ఐరోపావారు సంవత్సరముల తరబడి అట్లు పంచుకొని పోయిరి. స్టేషన్లు ఒక్కొక్కటిగా విరమించుకొనగా 2014 ప్రారంభమునకు ఆ ఏర్పాటు ముగిసినది. ఏర్పాటున్నంతకాలము అలవాటున్నది.

మన దేశములోనే ఢిల్లీ సంగతి మరింత బోధకము. మెట్రో స్టేషన్ల ముందు తలకింతయని నడచిన ఈ-రిక్షాలను 2014 జూలైలో అచ్చటి ఉన్నత న్యాయస్థానము నిషేధించినది. బ్రతుకుతెరువు పోయిన డ్రైవర్ల గోల ఒకవంక, నడువలేక నడచిన ప్రయాణికుల గోల ఒకవంక. మరుసటి సంవత్సరమే పార్లమెంటు చట్టమును సవరించి ఆ బండికి గుర్తింపు నిచ్చినది. నలుగురు ప్రయాణికులు, గంటకు 25 కిలోమీటర్ల వేగము అని హద్దులు పెట్టిరి. ఆనాటివరకు నేరమైనది ఆ పిమ్మట వృత్తి అయినది.

చేతిఫోనులతో టాక్సీ పిలుచు కంపెనీలు కూడ 2015లో పంచుకొను సవారీని మన నగరములకు తెచ్చినవి. చదువుకొన్న యువకులు ఉత్సాహముగా ఎక్కిరి. ఈ కొత్త వింతకును పాత చట్టమే అడ్డుతగిలినది. దారిలో మరొకరిని ఎక్కించుకొనుట ఒప్పంద బండికి తగదని కర్ణాటక రవాణా శాఖ 2017 జనవరిలో ఆక్షేపించినది. 2020 మార్చిలో కరోనా వ్యాధి వచ్చి ఆ సేవలను ఆపివేసినది. అదే వ్యాధి తగ్గుముఖము పట్టినంతనే ఫలక్‌నుమా షేర్ ఆటో మాత్రము, ఎవరి అనుమతియు అడుగక, మళ్లీ నిండినది. కంపెనీ లెక్కలో ఆగినది బస్తీ లెక్కలో ఆగలేదు, ఏలనగా రెండవ తెగవారికి వేరు దారి లేదు.

2019లో మోటారు వాహనముల చట్టమును సవరించునపుడు, ప్రయాణపు చివరి అంచె కొరకు రాష్ట్ర ప్రభుత్వములు పర్మిట్టు నిబంధనలను మార్చుటకు, పథకములు వేయుటకు ప్రత్యేకాధికారము నిచ్చిరి. అనగా ఫలక్‌నుమా నుండి చాంద్రాయణగుట్టకు, బార్కస్‌నకు, షాహీన్‌నగరునకు షేర్ ఆటో మార్గములను గుర్తించి, సీటు ధరను బోర్డు మీద వ్రాయించి, ఎంతమందికి సరిపడు బండి కావలెనో నిర్ణయించి పర్మిట్టు ఇచ్చుటకు చట్టములో చోటున్నది. ఇంతకు పూర్వము 2008లోనే నగర రవాణా శాఖలన్నిటిని కలిపి చూచుటకు ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థను చట్టము చేసి ఏర్పరచిరి. స్టేషను ఆవరణ రైల్వేది, బయటి రోడ్డు నగరపాలక సంస్థది, పర్మిట్టు రవాణా శాఖది, చలానా పోలీసులది, బస్సు ఆర్టీసీది. ఐదుగురు యజమానుల నడుమ ఆటో స్టాండునకు పది గజముల స్థలము దొరకుట ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడీ విషయమునకు తొందర కలిగినది. మొదటి దశలో ఫలక్‌నుమా వరకు రావలసిన మెట్రో రైలు 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గరనే ఆగినది. రెండవ దశలో దానిని సుమారు 7.5 కిలోమీటర్లు పొడిగించి చాంద్రాయణగుట్టకు చేర్చుటకు, నాగోలు నుండి విమానాశ్రయమునకు వేయదలచిన మార్గమును అచ్చటనే కలుపుటకు రాష్ట్ర ప్రభుత్వము 2024లో నిర్ణయించినది. రోడ్డు వెడల్పు కొరకు ఇండ్లు, దుకాణములు కోల్పోవువారి బాధ వేరొక వ్యాసమునకు తగిన విషయము. రెండు మార్గములు కలియు స్టేషను వచ్చిననాడు చాంద్రాయణగుట్టలో దిగువారు నేటి ఫలక్‌నుమాలో దిగువారి వలె ఒకే దిక్కువారై యుండరు. విమానాశ్రయము నుండి పెట్టెలతో వచ్చువారు, కంచన్‌బాగ్ ఉద్యోగులు, పహాడీ షరీఫు దర్గాకు పోవు యాత్రికులు, బండ్లగూడ కళాశాలల విద్యార్థులు కలిసి దిగుదురు. బస్తీవాసుల పరిచయము మీద నడచిన ఏర్పాటు ఆ జనసమూహమునకు చాలదు. ఏ దారికి ఏ వరుస, ఎంత ధర, స్త్రీలకు చోటెచ్చట, చివరి బండి ఎన్ని గంటలకు అన్నవి నిర్ణయింపనిచో నేటి ఫలక్‌నుమా అలవాటు పోయి సికింద్రాబాదు బేరము చాంద్రాయణగుట్టకు వచ్చును. స్టేషను నమూనాలలో దుకాణములకు, కార్లు నిలుపుటకు చోటు గీయుట అందరికి తోచును. షేర్ ఆటో నిలుచు చోటును కూడ ఇప్పుడే, కాగితము మీద ఉండగానే గీయించుకొనవలెను. కాంక్రీటు పోసిన పిమ్మట దానికి చోటు రోడ్డు మధ్యలోనే దొరకును.

పాతబస్తీ ఉన్నత పాఠశాలలలో సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు ఒక మనవి. తొమ్మిదవ తరగతి పిల్లలను పదుగురిని వెంటబెట్టుకొని ఒక సాయంకాలము ఫలక్‌నుమా స్టేషను బయట నిలువుడు. రైలు దిగినవారు ఎందరు, నడచినవారు ఎందరు, ఒంటరిగా బండి మాటాడుకొన్నవారు ఎందరు, కలిసి ఎక్కినవారు ఎందరు, వారిలో స్త్రీలెందరు, ఆటో నిండుటకు ఎన్ని నిమిషములు పట్టెను అని పలకల మీదనే గీతలు గీయించుడు. చీకటిపడిన తరువాత వచ్చు రైలునకు మరల లెక్కించి, రెండు వరుసలలోని స్త్రీల సంఖ్యను పోల్చి చూడుడు. ఆ కాగితము నకలు ఒకటి మెట్రో రైలు కార్యాలయమునకు, ఒకటి రవాణా శాఖకు, ఒకటి రైల్వే డివిజను కార్యాలయమునకు పాఠశాల ముద్రతో పంపుడు. తపాలా ఖర్చు మూడు ఆటో సీట్ల కిరాయిని మించదు.